కొన్ని నిమిషాల పెద్దరికం

"నీకేం, ఊరికే వెళ్ళి కూర్చోవడమే కదా" అన్నారు మా ఆయన. అప్పుడు నేను మా వాడి చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. పిల్లలిద్దరూ పన్నెండో తరగతి పాసైనందుకు, వాళ్ళ నాన్న కానుకగా ఓడ మీద విహారం. వాళ్ళిద్దరే వెళ్తే సరదా ఏముంటుందని స్నేహితులు నలుగురినీ కలిపారు. వెంట ఒక పెద్దమనిషి ఉండాలి. ఆయనకు ఆఫీసు వదిలి రావడం కుదరదు. నాదీ ఉద్యోగమే, ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. కానీ అది వదిలి వెళ్ళడానికి నాకు ఎప్పుడైనా కుదురుతుందని ఇంట్లో అందరి నమ్మకం. సెలవు అడిగితే మా పెద్ద డాక్టరు "ఓడ మీదా? పెట్టి పుట్టావమ్మా" అన్నారు.

ఇస్త్రీ అయ్యాక ఆయన అసలు పని చెప్పారు. "ఎలాగూ నాలుగు రోజులు కలిసే ఉంటారుగా, మెల్లగా అమ్మాయికి నచ్చజెప్పు. నువ్వు చెబితే వింటుంది."

నచ్చజెప్పాల్సింది ఇదీ. అమ్మాయికి దూరంగా, రాత్రంతా రైల్లో వెళ్ళాల్సిన ఊళ్ళో ఆర్కిటెక్చర్‌లో సీటొచ్చింది. మా ఊళ్ళోని డిగ్రీ కాలేజీలోనూ వచ్చింది. మా వాడు చేరేది అందులోనే. ఇద్దరూ ఒకే చోట ఉంటే వాడికి తోడు, వాడి నోట్సు, వాడి తిండీ తిప్పలూ ఒకరు చూసినట్టుంటుందని మా అత్తగారి ఆలోచన. ఓడ తిరిగొచ్చే రోజు సాయంత్రంలోగా అమ్మాయి ఏదో ఒకటి ఖాయం చేసుకోవాలి.

వాళ్ళు కవలలు. అమ్మాయి కొన్ని నిమిషాలు ముందు పుట్టింది. ఆ కొన్ని నిమిషాలకే అత్తగారు దాన్ని అక్కను చేసేశారు. అక్కవి కదా, ముందు వాడికి పెట్టు. అక్కవి కదా, సర్దుకుపో. తేడా పాలు కాగేంత సేపు కూడా లేదు గానీ, అది ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ పెద్దరికం మోస్తూనే ఉంది. "అచ్చం నీ పోలికే, పిలవకముందే వస్తుంది" అని అత్తగారు మెచ్చుకుంటుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నేను నవ్వేదాన్ని.

ఓడ ఎక్కగానే అందరి గది కార్డులూ నా మెడలోకి వచ్చి చేరాయి, పిల్లలు పోగొట్టుకుంటారని. అవి వేలాడేసుకుని తిరుగుతుంటే ఒకాయన నన్ను ఓడలో పనిచేసేదాన్ననుకుని జిమ్ ఎటు అని అడిగాడు. నాకు తెలుసు కాబట్టి చెప్పాను. ఆంటీ, నా ఛార్జర్ చూశారా అని పొడుగోడు. ఆంటీ, నా కళ్ళజోడు మీ సంచిలో ఉందా అని కళ్ళజోడు కుర్రాడు. ఇంకో ఇద్దరు ఏమీ అడగరు, తడి బట్టలు నా కుర్చీ మీద వేసి వెళ్ళిపోతారు. సముద్రం ఎలా ఉందని అత్తగారు ఫోన్‌లో అడిగితే బాగుందన్నాను. అప్పటికి నేను దాన్ని చూసింది తడి బట్టలు ఆరేస్తూ, బాల్కనీ కమ్మీల సందులోంచి.

మూడో రోజు పొద్దున మా గదిలో అమ్మాయి తమ్ముడి చొక్కాలు మడతపెడుతోంది. నేను మాట ఎలా మొదలుపెట్టాలా అని చూస్తున్నాను. అదే మొదలుపెట్టింది.

"అమ్మా, నేను వాడితోనే చేరతాలే."

"మరి ఆర్కిటెక్చర్?"

"వాడొక్కడూ ఏం చేసుకుంటాడు? నువ్వు మాత్రం ఎంతకని చేస్తావు?"

గొంతులో ఏడుపు లేదు, అలక లేదు. చొక్కా కాలరు సరిచేస్తూ చెప్పింది. నాకు పని తప్పింది, సంతోషించాల్సిందే. కానీ ఆ మాట ఒకప్పుడు నేనన్నదే. పెళ్ళైన కొత్తలో, స్కానింగ్ శిక్షణకి వేరే ఊరు వెళ్తావా అని ఆసుపత్రిలో అడిగితే, ఆయనొక్కరూ ఏం చేసుకుంటారండీ అన్నాను. ఎవరూ వద్దనలేదు. ఎవరూ వద్దనాల్సిన అవసరం రాలేదు. ఆ శిక్షణకి వెళ్ళిన నా జూనియరే ఇప్పుడు నా సెలవులు మంజూరు చేస్తుంది. ఇన్నేళ్ళూ నన్ను ఎవరో ఆపారనే అనుకుంటూ వచ్చాను, అలా అనుకుంటే కాస్త తేలిగ్గా ఉండేది. ఆ మాట మళ్ళీ నా కూతురి నోట వింటే నాకు భయం వేసింది. దాని మీద కాదు గానీ, నా మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

మధ్యాహ్నం పై డెక్కు మీద ఈతకొలను దగ్గర ఇద్దరం పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. నీళ్ళలోంచి మా వాడు కేకేశాడు.

"టవల్!"

ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. రెండు కుర్చీలూ ఒక్కసారే కిర్రుమన్నాయి. చూస్తే నేనూ లేచి ఉన్నాను, అదీ లేచి ఉంది. ఇద్దరం చెయ్యి చాపాం, ఒకే టవల్ మీదికి. అమ్మాయి నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. దానికి ఇది అత్తగారు నేర్పలేదు, వాళ్ళ నాన్న నేర్పలేదు. రోజూ నన్ను చూసి నేర్చుకుంది.

నేను కూర్చున్నాను. అది టవల్ తీసుకుని అడుగు వేయబోయింది.

"కదలకు" అన్నాను. రోజంతా ఆసుపత్రిలో అనే మాటే. ఊపిరి బిగపట్టండి, కదలకండి. ముక్కూ మొహం తెలియనివాళ్ళందరూ వింటారు. ఇంట్లో మాత్రం ఎప్పుడూ అనలేదు.

"పాపం, తడిగా ఉన్నాడమ్మా."

"ఎండగానే ఉందిగా. ఆరతాడు."

కూర్చుంది. కాసేపు నన్ను అనుమానంగా చూసింది. వాడు ఇంకో రెండు కేకలు వేశాడు.

"లెక్కలోంచి వాణ్ణి తీసెయ్. నన్నూ తీసెయ్. అప్పుడు నీకేది కావాలి?" అని అడిగాను.

 అది ఫోన్ తీసి, దూరపు కాలేజీ పేరు మీద వేలు పెట్టి నాకేసి చూసింది. తనే నొక్కింది. 

అంతలో మా ఆయన ఫోన్.

"నచ్చజెప్పావా?"

"ఖాయం చేసేసిందండీ."

"హమ్మయ్య. ఇక్కడేగా?"

"కాదు. ఆర్కిటెక్చర్."



"నీకు మతి పోయిందా? మరి వాడినెవరు చూసుకుంటారు?"

మా వాడు నీళ్ళు కారుతూ గట్టెక్కాడు. మా ఇద్దరివంకా చూశాడు. అటూ ఇటూ వెతుక్కుంటూ వెళ్ళి, మూలన టవళ్ళు పేర్చి ఉన్న అల్మరా ముందు ఆగాడు.

"చూసుకుంటున్నాడండీ" అన్నాను. "టవల్ దొరికింది."