రంగు పోదు

మా బావ ఫ్లెక్సీలు కొట్టే మిషన్ కొన్నప్పటినుంచీ నా స్క్రీన్ ప్రింటింగ్ షెడ్డులో ఈగలు కూడా వాలడం మానేశాయి. బావ అంటే నా భార్యకు అన్న. మనిషికన్నా ముందు ఆయన చొక్కా ఇస్త్రీ మడతలు గడప దాటి లోపలికొస్తాయి. వచ్చినప్పుడల్లా ఒకటే పాట: "షెడ్డు మూసేసి నా కొట్లో కౌంటర్ దగ్గర కూర్చో బావా. ఫ్యాను కింద చల్లగా ఉంటావు." ఆయన కింద కూర్చోవడంకన్నా, ఆయన కొట్టే సంతాపం ఫ్లెక్సీ మీద ఫొటోనై వేలాడటం నయం.

వంటింటి రంగులతో బట్టలద్దుదామంది నా భార్య. ఇంకులతో గోళ్ళు నల్లబడ్డ నాకు కూరగాయలతో పాఠాలు! బీట్‌రూట్ రసం తెల్లారేసరికి బురదైంది. పాలకూర పచ్చ ఎండ చూడగానే పారిపోయింది. ఉల్లిపొట్టు ముద్ద గట్టిపడి స్క్రీన్ జాలీ కళ్ళు మూసేసింది. కడగడానికి ఒక పూట, తిట్టుకోవడానికి ఒక పూట. చివరికి పసుపు దారికొచ్చింది. జిగురు కలిపి, చట్రం గుడ్డమీద ఆనించి, రబ్బరు పలకతో ఒక్క లాగు లాగితే "రంగు పోదు" అని అక్షరాలు బంగారంలా పడ్డాయి. ఆ ఊపులో నా పాత చొక్కా వీపు మీద కూడా ఒకటి కొట్టాను.

బావ వచ్చి చూసి పెదవి విరిచాడు. "ఉతికితే తెలుస్తుంది. రంగు పోయిందా, షెడ్డుకు తాళం. రేపే నా కౌంటర్."

"పోకపోతే?" అంది నా భార్య.

"జన్మలో ఆ మాటెత్తను."

ఆమె బకెట్టు తెచ్చింది. ఆయనే చేతులు పైకి మడిచి గుడ్డకు సబ్బు పట్టించాడు. పసుపు అక్షరాలు ఎర్రగా తిరిగాయి.

"అమ్మో, చెయ్యి తెగింది!" అని బావ గుడ్డ విదిలించాడు. నురగంతా ఆయన తెల్ల చొక్కా మీద పడింది.

"తెగలేదన్నయ్యా. పసుపుకు సబ్బు తగిలితే అంతే."

"రంగు మారిందిగా!"

"పోదన్నాం. మారదని ఎవరన్నారు?"

"నా చొక్కా మీదికొచ్చిందంటే మీ గుడ్డలోంచి పోయినట్టే కదా!"

ఆ ముక్క నిజమే. కళ్ళముందు కౌంటరూ, ఫ్యానూ తిరిగాయి.

నా భార్య మాత్రం తొణకలేదు. "సరే, ఇప్పుడు నీ చొక్కా మీదుంది కదా. అక్కణ్ణుంచి పోగొట్టు చూద్దాం."

బావ చొక్కా విప్పి రుద్దాడు. సబ్బు ఎక్కువయ్యేకొద్దీ ఎరుపు ఎక్కువైంది. చుక్కంత ఉన్నది పళ్ళెమంతైంది.

"ఏమిటే చెల్లాయ్, ఎంత రుద్దినా పోదేం?"

"ఏమన్నావు బావా? సరిగ్గా వినపళ్ళేదు," అన్నాను.

"పోదు! ఈ దిక్కుమాలిన రంగు పోదు!"

పక్క షెడ్డు వెల్డరు మిషన్ ఆపి మరీ విన్నాడు.

బనీనుతో బజారున పడలేక, కొక్కేనికున్న నా పాత చొక్కా తొడుక్కుని విసవిసా వెళ్ళాడు బావ. వీపు మీద ఏముందో ఇల్లు చేరేదాకా చూసుకోలేదట.

మర్నాడు ఇద్దరొచ్చి, నిన్న మీ బావగారు వేసుకెళ్ళిన చొక్కాలాంటివి కొడతారా అని అడిగారు. మచ్చుకు చూపిద్దామంటే అది బావ దగ్గరే ఉండిపోయింది. కబురు పెట్టాను.

ఇంకా ఉతుకుతున్నాడట.