వదిన నేర్పిన పని

రిజిస్టర్డ్ కవరు చూసి మోటారక్క ముందు కరెంటు ఆఫీసు నోటీసేమో అనుకుంది. చదవమని షాపులో పని నేర్చుకుంటున్న అమ్మాయికి ఇచ్చింది. ఆ పిల్ల సగం చదివి కెవ్వున అరిచింది. ఆడవాళ్ల బాగు కోసం పాటుపడేవారికి ఏటా ఇచ్చే జాతీయ పురస్కారం ఈసారి మోటారక్కకు వచ్చింది.

కాలిపోయిన మోటార్లకు కొత్తగా రాగి తీగ చుట్టడం ఆమె పని. పదిహేనేళ్లలో ఆ పనిని మూడు వందల మందికి పైగా ఆడవాళ్లకు నేర్పింది. నేర్పి ఊరుకోలేదు. ఆడదానికి మోటారేం తెలుసన్న కాంట్రాక్టర్ల గుమ్మం ముందు బైఠాయించి మరీ వాళ్లకు పనులిప్పించింది. వీధిలో అందరూ ఆమెను మోటారక్క అనేది అందుకే.

ఉత్తరంతో పాటు ఆమె గురించి రాసిన కాగితం కూడా ఉంది. తప్పులుంటే వారంలోగా చెప్పమన్నారు. పురస్కారం ఇచ్చే సభకు వెంట ఒకరిని తీసుకురావచ్చట. కాగితంలో మొదటి వాక్యం, "ఎవరి సాయమూ లేకుండా సొంతంగా పని నేర్చుకున్న మహిళ."

"ఎంత బాగా రాశారక్కా!" అంది ఆ పిల్ల.

ఆ పూట మోటారక్క చేతికి పని సాగలేదు.

ఆమెకు పని నేర్పింది వదిన. షాపు అన్నయ్యది. అన్న జబ్బు చేసి పోయాక మూడేళ్లు వదినే నడిపింది. పరీక్ష తప్పి ఇంట్లో కూర్చున్న మరదల్ని, "గోళ్లు గిల్లుకుంటూ ఎన్నాళ్లు కూర్చుంటావే, రా" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. చుట్లు లెక్కపెట్టేటప్పుడు మాట్లాడకూడదన్నది మొదటి పాఠం. లెక్క తప్పితే మోటారు మళ్లీ కాలిపోతుంది. అది చెప్పిన వదినే వెనక నుంచి వచ్చి, "అరవై రెండా, డెబ్బై రెండా?" అని చెవిలో ఊదేది. మరదలు తికమకపడి తీగంతా విప్పుకుంటుంటే పడీ పడీ నవ్వేది.

ఒక రోజు పొద్దున్నే వదిన షాపులో అత్తగారి ఎదుట నిలబడి, ఇనుప బోల్టులు చెక్కే లేతు మిషను నడిపే ఒకాయన్ని పెళ్లి చేసుకుంటానని చెప్పింది.

"నా కొడుకు షాపులో నిలబడి ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చింది? బయటికి నడు" అంది అమ్మ.

వదిన తీగ చుడుతున్న మరదలి వైపు చూసింది. మరదలు తల వంచుకుంది. వదిన కటింగ్ ప్లయరు ఒక్కటి సంచిలో వేసుకుని మెట్లు దిగింది.

అది జరిగి ఇరవై ఏళ్లు. అమ్మ కూడా పోయింది. వదిన ఎక్కడుందో మోటారక్కకు తెలుసు, కానీ వెళ్లడానికి మొహం చెల్లలేదు. కొత్తగా చేరిన పిల్ల ఎవరైనా మొదటి కాయిలు తప్పు లేకుండా చుడితే, ఇది వదిన చూడాలి కదా అనిపించేది. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు పక్కన ఎవరూ వదినలా తన డబ్బాలోంచి ముద్ద లాక్కోకపోతే, అప్పుడూ ఆమే గుర్తొచ్చేది.

మర్నాడే ఆమె బస్సెక్కింది. నాలుగు గంటల ప్రయాణం. లేతు షాపు వెనక రెండు గదుల ఇల్లు. గుమ్మంలో ముక్కాలి పీట వేసుకుని వదిన తయారైన బోల్టులకు నూనె రాసి కాగితంలో చుడుతోంది. జుట్టు సగం తెల్లబడింది.

"ఎవరూ?" అని తలెత్తి, చేతిలో బోల్టు అలాగే పట్టుకుని ఉండిపోయింది. తర్వాత, "చిక్కిపోయావేమే. లోపలికి రా" అంది.

టీ ఇచ్చింది. ఉత్తరం రెండుసార్లు చదివింది. కళ్లు తుడుచుకుని, "నా మరదలే!" అంది, గదిలో ఇంకెవరో ఉన్నట్టు.

"నువ్వు నాతో రావాలి వదినా. పక్కన నువ్వుండాలి."

వదిన ఉత్తరం మడిచి ఇచ్చేసింది.

"ఆ రోజు..." మోటారక్క గ్లాసు కింద పెట్టింది. "నేను చుట్లు లెక్కపెడుతున్నాను వదినా. అందుకే..."

"అబద్ధమాడకు. నీ చెయ్యి ఆగిపోయింది. నేను చూశాను."

మోటారక్కకు తల తీసేసినట్టయింది.

"మీ అమ్మ మీద నాకు కోపం లేదు," అంది వదిన నెమ్మదిగా. "కొడుకు పోయిన మనిషి, ఏదో అంది. నువ్వు మాత్రం వెనకాలే పరిగెత్తుకొస్తావనుకున్నా. బస్టాండులో రెండు బస్సులు వదిలేసి కూర్చున్నానే పిచ్చిదానిలా."

"భయపడ్డాను. నీ వైపు మాట్లాడితే అమ్మ నన్నూ షాపు మాన్పిస్తుందేమోనని."

"తెలుసు. ఇరవై రెండేళ్ల పిల్లవి. తెలిసినంత మాత్రాన మర్చిపోగలనా?" వదిన ఆమె గ్లాసులో ఇంకాస్త టీ పోసింది. "నేను రాను. నువ్వు వెళ్లి సంతోషంగా తెచ్చుకో."

మోటారక్క సభకు ఒక్కతే వెళ్లింది. కాగితంలో ఆ వాక్యం మార్చమని ముందే ఉత్తరం రాసింది, కానీ వేదిక మీద పాత కాగితమే చదివారు. శాలువా కప్పి, పతకం ఇచ్చి, ఒక్క నిమిషం మాట్లాడమన్నారు.

"నేను సొంతంగా నేర్చుకోలేదండీ," అంది ఆమె. "మా వదిన నేర్పింది. మళ్లీ పెళ్లి చేసుకుంటానన్నందుకు ఆమెను ఆమె నడిపిన షాపులోంచే వెళ్లగొట్టాం. నేను అక్కడే ఉన్నాను, నోరు మెదపలేదు. ఆ తర్వాత చాలామంది కోసం మాట్లాడాను. ఆమె కోసం మాట్లాడాల్సిన రోజు మాట్లాడలేదు."

ఇంకా ఏదో చెప్పాలనుకుంది గానీ నిమిషం అయిపోయింది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ వెంటనే తోచలేదు.

తిరిగి వచ్చే దారిలో, రైల్లో ఉండగా వదిన ఫోను చేసింది.

"టీవీలో చూశాం. మా ఆయన మిషను ఆపేసి మరీ చూశాడు. శాలువా అలాగేనా కప్పుకునేది, దుప్పటిలా?"

మోటారక్క నవ్వబోయి ఏడ్చేసింది. వదిన ఆమె తేరుకునేదాకా ఫోను పట్టుకునే ఉంది.

"వదినా, ఆదివారం రానా?"

"ఈ ఆదివారం వద్దు," అంది వదిన. "నాకు కొంచెం టైమివ్వు. నేనే చెప్తాలే."

"సరే వదినా" అంది మోటారక్క.

పతకాన్ని పని నేర్చుకునే పిల్లలు షాపులో గోడకు తగిలించారు. వచ్చినవాళ్లంతా దాన్ని చూసి పొగిడి వెళ్తున్నారు. వాళ్లతో మాట్లాడుతూనే మోటారక్క ఆదివారాలు లెక్కపెట్టుకుంటోంది. మూడు గడిచాయి.