కేకు లేకుండా వచ్చినామె

"ఆ అంబులెన్సువాళ్ళకి ఒక స్పాంజి కేకు చేసి ఇచ్చి రాకూడదూ?" అన్నాడు మా ఆయన రస్, నేను బంగాళదుంపల తొక్క తీస్తుంటే. "ఎలాగూ ఓవెన్ వేడెక్కుతుంది కదా, టీలోకి ఓ ట్రే స్కోన్ రొట్టెలు కూడా పెట్టెయ్. గొర్రెల ఉన్ని కోతలు దగ్గరపడ్డాయి. చెయ్యి అలవాటు తప్పకుండా ఉంటుంది."

నాకు ఒళ్ళు మండింది. గుండెలో స్టెంటు వేయించుకుని ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ రస్ నన్ను బాగానే చూసుకుంటున్నాడు, కాదనను. దుప్పటి కప్పుతాడు, మాత్రలు గుర్తు చేస్తాడు. కానీ కోతలకొచ్చే మనుషులకి పొద్దుటి ఫలహారం, పదింటి టీ, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం మళ్ళీ టీ, రాత్రికి మాంసం వేపుడు, ఇవన్నీ ఈసారి ఎవరు చేస్తారని ఒక్కసారీ అడగలేదు. అడగాల్సిన విషయమని అతనికి తోచలేదు. మా అత్తగారు ఉన్న రోజుల్లో "మన ఇంటి ఆడవాళ్ళు కోతల్లో జ్వరం తెచ్చుకోరు" అని గొప్పగా చెప్పేది. తెచ్చుకోవడం మన చేతుల్లో ఉన్నట్టు.

పోయిన కోతల్లోనే నాకు గుండెపోటు వచ్చింది. దవడ లాగుతోంది, వీపు బరువుగా ఉంది. "పన్నేమో, ఓ మాత్ర వేసుకో. మనుషులు టీకి దిగుతున్నారు," అన్నాడు రస్. టీ ట్రే కోతల షెడ్డుకి మోసుకెళ్ళి వచ్చాను. ఊళ్ళోకి పళ్ళ డాక్టరు ఎప్పుడొస్తాడో కనుక్కుందామని పోస్టాఫీసుకి ఫోన్ చేస్తే అక్కడ పనిచేసే గ్లెనిస్ ఎత్తింది. మా కుర్రబిన్ ఊళ్ళో అంబులెన్సు నడిపేది ఊరివాళ్ళే, జీతం లేకుండా. గ్లెనిస్ వాళ్ళలో పెద్ద. నా ఊపిరి విని, "పన్ను సంగతి తర్వాత. ఫోన్ పెట్టేసి కూచో, వస్తున్నాం," అంది.

నేను కూచోలేదు. మనుషులొస్తున్నారు కదా అని కెటిల్ పెట్టాను. మా వైపు గడప తొక్కినవాళ్ళకి టీ ఇవ్వకుండా ఎవరూ పంపరు, వచ్చింది అంబులెన్సయినా సరే.

బండి చప్పుడు విని రస్ షెడ్డు నుంచి పరిగెత్తుకొచ్చి, ఆయాసపడుతూ కుర్చీలో కూలబడ్డాడు. ఆ వెనకే లోపలికొచ్చిన బ్యారీ, బడి బస్సు నడిపే మనిషి, సూటిగా రస్ ముందు మోకాళ్ళ మీద కూచుని నాడి పట్టుకున్నాడు. "ఎక్కడ నొప్పి, రస్?" నేను వాళ్ళ వెనక నిలబడి, "బ్యారీ, పాలు ఎన్ని పొయ్యమంటావు?" అని అడుగుతున్నాను. గ్లెనిస్ నా మొహం చూసింది. నేను ఓ చేత్తో చెమట తుడుచుకుంటుంటే, రెండో చేతిలోంచి కప్పు తీసుకుని బల్ల మీద పెట్టింది.

"ఇవాళ కూచోవాల్సింది నువ్వే, నెరిడా."

దారిలో నా గుండె ఆగిందట. బ్యారీ బండి నడుపుతుంటే గ్లెనిస్ గుండెకి కరెంటు షాకు ఇచ్చి, ఛాతీ నొక్కి నన్ను వెనక్కి లాక్కొచ్చింది. పక్కటెముక విరిగింది. దగ్గినప్పుడల్లా అది కలుక్కుమనేది, నాకు గ్లెనిస్ చేతులు గుర్తొచ్చేవి. నా కోసం ఎవరైనా అంత కష్టపడటం అదే మొదటిసారి.

అలాంటిదానికి కేకుతో థాంక్స్ చెప్పాలా? రస్ కేకు మాట ఎత్తిన ఆ రోజే, తొక్క తీసిన దుంపలు నీళ్ళలో వదిలేసి, వట్టి చేతులతో అంబులెన్సు షెడ్డుకి వెళ్ళాను. సిగ్గేసింది. ముప్పై ఏళ్ళలో వట్టి చేతులతో నేనొకరి గుమ్మం ఎక్కలేదు.

గ్లెనిస్ నా చేతుల వైపు చూసి ఫక్కున నవ్వింది. "అమ్మయ్యా, కేకు లేకుండా వచ్చావు. రా, ఇది చూడు." ఫ్రిజ్ తీసింది. నిండా కేకులే. "మేం బతికించిన మగాళ్ళెవరూ రారు. వాళ్ళ పెళ్ళాలు కేకు పట్టుకొస్తారు. తన గుండె కోసం తనే వచ్చినదానివి నువ్వే."

నన్ను కుర్చీలో కూచోబెట్టి తనే టీ పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. "ప్రాణం పోశావు. నీకు నేనేం ఇవ్వను?" అన్నాను.

"మంగళవారం సాయంత్రాలు ఇవ్వు. కొత్తవాళ్ళకి పాఠాలుంటాయి, నువ్వూ నేర్చుకో. డాక్టరు ఒప్పుకున్నదాకా బరువులెత్తకు, బండికి కబురందించే రేడియో దగ్గర కూచో. మాకు మనిషి తక్కువ."

ఇంటికొచ్చేసరికి దుంపలు అలాగే ఉన్నాయి. రస్ వాటి వైపే చూస్తూ కూచున్నాడు. "ఈసారి కోతలకి వంటమనిషిని పెట్టుకో," అన్నాను. "మంగళవారాలు నేను ఇంట్లో ఉండను."

"మరి అంబులెన్సువాళ్ళకి కేకు?"

"నువ్వు చెయ్యి. నా గుండె నీకూ కావాలిగా."

రస్ లేచి, పిండి ఏ డబ్బాలో ఉంటుందని అడిగాడు. చెప్పాను గానీ లేవలేదు. ఆ కేకు మధ్యలో గుంటపడింది. అయినా తనే మోసుకెళ్ళి బ్యారీ చేతిలో పెట్టి, "మా ఆవిడని తెచ్చిచ్చావు," అని చెప్పి వచ్చేశాడు.

మంగళవారం మొదటి పాఠంలో గ్లెనిస్ అడిగింది, "ఇంట్లోకి వెళ్ళగానే మొట్టమొదట ఏం చూడాలి?" బ్యారీ బల్ల వైపు తల దించుకున్నాడు. నేను చెయ్యెత్తాను.

"టీ పెడుతున్నది ఎవరో చూడాలి," అన్నాను. "ముందు ఆవిడని కూచోబెట్టాలి."