ఉత్తమ కోడలికి పదమూడు సూత్రాలు

మా కిర్గిజ్ కథల్లో ఎవరు నోరు విప్పినా కొత్త వరసలో ఒక చిన్న గీత పెట్టి మొదలుపెడతాం. బళ్ళో నేర్పిన పద్ధతి. కంప్యూటరు మా బళ్ళో చదువుకోలేదు కాబట్టి, దానికి వరసగా గీతలు కనబడితే జాబితా అనుకుని నంబర్లేసేస్తుంది. ఇంత తెలివి దానికి ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది.

పదేళ్ళుగా మా అత్తగారు తోక్తోకాన్‌కు టీ పోస్తూ, ఆవిడ వేసే అక్షింతలు నెత్తిన చల్లుకుంటూ ఒక కథ రాశాను. అందులో అత్త పదమూడుసార్లు మాట్లాడుతుంది. కోడలు ఒక్కసారే, చివర్లో: "ఇకనుంచి మీ టీ మీరే పోసుకోండి." ఆ ఒక్క మాట కోసమే మిగతా కథంతా. ఇంట్లో నోరు పెగలదు గనక, అచ్చులోనైనా ఆవిడ చదవాలని నా ఆశ. ఊరి పత్రిక మహిళా దినోత్సవ సంచికకు ఈమెయిల్లో పంపాను.

సంచిక వచ్చింది. "ఉత్తమ కోడలికి పదమూడు సూత్రాలు", కింద నా పేరు. ఒకటి, టీ చల్లారింది, మళ్ళీ కాచు. నాలుగు, టీ గిన్నె నిండా పోయకు, తాగేవాళ్ళను పొమ్మన్నట్టుంటుంది. తొమ్మిది, నా కొడుకు చిక్కిపోయాడు, మాంసం వాడికే వడ్డించు.

సంపాదకురాలు సబీరాకు ఫోన్ చేశాను.

"అక్కా, అది కథ!"

"కథేంటమ్మాయ్? నంబర్లేసి పంపావుగా!"

"నేను గీతలే పెట్టాను."

"నాకొచ్చింది నంబర్లతోనే. మధ్యలో కోడలు పళ్ళు కొరికింది, ఏడ్చింది అని ఏవో వివరణలున్నాయి. చోటు చాలక తీసేశాం."

"మరి పధ్నాలుగోది?"

"అది సూత్రంలా లేదు తల్లీ, మరీ పెడసరంగా ఉంది. అయినా పేరొచ్చిందిలే, మా అత్తగారు కూడా కత్తిరించి దాచుకుంది!"

ఇంకేం కావాలి నాకు? జన్మ ధన్యమైంది.

ఇంటికి వెళ్ళేసరికి మా అత్తగారు ఆ కాగితాన్ని టీనీళ్ళు కాచే సమోవార్ పైన గోడకు అతికించి, పక్కింటావిడకు చూపిస్తోంది. "నా కోడలు రాసింది," అంటోంది. పదేళ్ళలో "ఆ పిల్ల" కాస్తా "నా కోడలు" కావడం అదే మొదలు. సిగ్గులేని నా గుండె కాసేపు పొంగింది కూడా.

పక్కింటావిడ వెళ్ళాక అత్తగారు టీకి కూర్చుంది.

"ఇన్నాళ్ళకు నీ బుర్రకెక్కిందే! వచ్చే నెల చిన్నోడి పెళ్ళాం వస్తోంది. దానిచేత రోజూ పొద్దున్నే ఇది చదివించు. పదమూడూ నోటికి రావాలి."

ఆ రాబోయే పిల్లకు పంతొమ్మిదేళ్ళు. పెళ్ళిచూపుల్లో నన్ను చూసి నవ్వింది. నా గుండెలో పొంగు చప్పున చల్లారింది.

అత్తగారి గిన్నె అంచుదాకా, ఇంకో చుక్క పడితే ఒలికిపోయేదాకా పోశాను.

"ఇదేమిటే! నాలుగోది చదవలేదా?"

"చదవకేం అత్తయ్యా, నేనే రాశాను. పధ్నాలుగోదే వాళ్ళు వెయ్యలేదు."

"పధ్నాలుగోది కూడా ఉందా? ఏమిటది?"

టీ కెటిల్ ఆవిడ ముందుకు జరిపి, చెప్పాను.