మెరుపులని పారేసినవి

మధ్యాహ్నం పన్నెండింటికి బీమ్, అంటే యంత్రం నుంచి వచ్చే కేంద్రకాల ధార, ఆపేస్తారు. ఆ తరువాత యంత్రం మరొకరిది. ఆరు రోజులుగా నాకు కావలసిన బొమ్మ ఒక్కటి కూడా రాలేదు. నా నాలుగేళ్ల పరిశోధన దాని మీదే నిలిచి ఉంది.

నేను వెతుకుతున్నది ప్రోటాన్లు మితిమీరిన ఒక పరమాణు కేంద్రకాన్ని. అందులోంచి ఒక్క ప్రోటాన్ బయటపడాలంటే శక్తి చాలదు; రెండు కలిస్తేనే గడప దాటగలవు. అవి దాటినప్పుడు, వాయువు నింపిన పెట్టెలో సన్నని వెలుగు గీతలు పడతాయి. వాటిని కెమెరా పట్టుకోవాలి.

ఆ పెట్టెను కట్టిన మెకానిక్ బాబాయ్ పదకొండింటికి వచ్చాడు.

“ఏమ్మా, మొహం అలా వేలాడేశావేం?”

“అన్నీ వేరే కేంద్రకాల ఒంటి గీతలే బాబాయ్. ఇంకో ఐదు మెరుపులు.”

“మెరుపులా? నా పెట్టెలోనా?”

“వెలుగు మరీ ఎక్కువుంటే ప్రోగ్రామే మెరుపని తీసి పారేస్తుంది.”

“అంత వెలుగుంటే మెరుపేనని ఎవరన్నారు?”

“నేనే.”

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది!”

అతను గోడ పక్కన పెట్టె కరెంటును గీసే మీటరు నుంచి కాగితం చుట్ట విప్పి నా బల్ల మీద పరిచాడు. పెట్టెలో మెరుపు పుడితే కరెంటు ఎగిసిపడాలి. ఆరు రోజుల గీత బల్లపరుపుగా ఉంది.

పారేసిన బొమ్మల్లో మొదటిది తెరిచాను. ఎడమ నుంచి వచ్చిన పొడవైన గీత, కేంద్రకం వచ్చిన దారి, మధ్యలో ఆగింది. ఆ ఆగిన చోటు నుంచే రెండు పొట్టి గీతలు చెరో వైపు విచ్చుకున్నాయి. రెండూ పుట్టిన బిందువు దగ్గర వెలుగు రెట్టింపు.

ఐదింటిలోనూ అంతే.

ఒంటి ప్రోటాన్లతో పరీక్షించి వెలుగుకు ఆ హద్దు పెట్టింది నేను. జంటను వెతకడానికి వచ్చి, ఒంటరి వెలుగునే కొలతగా పెట్టుకున్నాను. నా ప్రశ్నకు జవాబు వస్తే గెంటివేయమని ముందే రాసి ఉంచానన్నమాట. సిగ్గుపడవలసిన క్షణమది. కాని ఆ గీతల ముందు సిగ్గుకు కూడా చోటు మిగల్లేదు.

గైడుకు ఫోన్ చేశాను. “సార్, ఒకసారి రండి. దొరికాయి.”

“ఎక్కడ?”

“చెత్తబుట్టలో.”

బాబాయ్ తెరను తాకకుండా, ఆ రెండు గీతల మీదుగా గాలిలో వేలు నడిపాడు.

“విడిపోకముందు ఎంతసేపు ఉంటుందమ్మా ఇది?”

“సెకనులో వెయ్యో వంతులు, ఓ రెండో మూడో.”

“అంతలో అయిపోయేదాన్ని ఆరు రోజులు పక్కన పడేశామన్నమాట.”

‘పడేశాం’ అన్నాడు. ‘పడేశావు’ అనలేదు.

పన్నెండయింది. గోడ అవతలి యంత్రం హోరు సన్నగిల్లి ఆగిపోయింది. ఇద్దరం లేవలేదు.