చెయ్యి ఆగిన చోట

"ఒక్క నిమిషం వచ్చి పో" అనడం ఆ ఇంట్లో అందరికీ ఊతపదం. ఆ నిమిషం ఎవరి సొమ్మో మాత్రం ఎవరూ అడగరు. అత్తగారికి కళ్ళజోడు కనపడకపోయినా ఒక్క నిమిషమే, భర్తకి టవల్ చేతికందకపోయినా ఒక్క నిమిషమే. తీరా వచ్చి చూస్తే కళ్ళజోడు ఆవిడ నెత్తిమీదే ఉంటుంది, టవల్ ఆయన భుజమ్మీదే ఉంటుంది. కోడలు వచ్చి చెబితే తప్ప అవి అక్కడ ఉన్నట్టు కాదు.

ఇంటి ముందు భాగమే దుకాణం. పాత కుర్చీలు, బల్లలు, సోఫాలు బాగుచేస్తారు. విరిగిన కాళ్ళు అతకడం, కుంగిన సీట్లు విప్పి పీచూ స్ప్రింగులూ మార్చి కొత్త బట్ట బిగించడం భర్త పని. పాలిష్ కోడలిది. బోర్డు మీద ఆయన పేరే ఉంది, వచ్చినవాళ్ళూ ఆయనతోనే మాట్లాడతారు. "మీ చేతిలో ఏదో ఉంది మేస్త్రీ!" అని అద్దంలా మెరిసే బల్లని తడిమి మురిసిపోతుంటే ఆయన నవ్వి ఊరుకుంటాడు. అప్పుడు ఆమె వెనకగదిలో చేతులకంటిన లక్క కడుక్కుంటూ ఉంటుంది.

ఆ పని నేర్పింది మామగారు. ముసలితనంలో చేతులు వణకడం మొదలయ్యాక, కొడుక్కి అంత ఓపిక లేదని తేలిపోయాక, కోడల్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. లక్క రేకులు స్పిరిట్‌లో కరగబెట్టడం, దూదిని మెత్తటి పాతబట్టలో పెట్టి ఉండలా చుట్టడం, ఆ ఉండని తడిపి చెక్క మీద సున్నాలు చుడుతూ పూత మీద పూత ఎక్కించడం, అన్నీ చూపించాడు. "ఒకటే సూత్రం తల్లీ. ఉండ చెక్క మీద ఉన్నంతసేపూ చెయ్యి కదులుతూనే ఉండాలి. ఆగావో, అంటుకున్నట్టే! మచ్చ పడితే మళ్ళీ మొదటికే" అనేవాడు. ఆయన పోయాక ఆమెతో పని గురించి మాట్లాడేవాళ్ళే లేరు. వంట గురించి మాట్లాడతారు, ఉతకాల్సిన బట్టల గురించి మాట్లాడతారు. ఇవాళ చెక్క పూతని ఎంత బాగా తాగిందో చెప్పుకుందామంటే గోడలే దిక్కు.

సూత్రం తెలిసీ మచ్చలు పడుతున్నాయి. పిలుపు వినగానే చెయ్యి ఆగిపోతోంది. ఆమె ఆపడం లేదు, అదే ఆగుతోంది. పెళ్ళైన కొత్తలో ఒకసారి పలకడం ఆలస్యమైతే, "పిలిస్తే పలకాలని మీవాళ్ళు నేర్పలేదా?" అని అత్తగారు నలుగురిలో అడిగేసింది. ఆ రోజునుంచీ ఆమె ఒళ్ళే అలా తయారైంది. "అమ్మాయ్!" అని కేక పడితే నోటికంటే ముందు చెయ్యి పలుకుతుంది. రెప్పపాటే. లక్కకి ఆ రెప్పపాటు చాలు.

పోయిన నెలలో ఒక భోజనాల బల్ల అలాగే మచ్చతో వెనక్కి వచ్చింది. "ఆడవాళ్ళ చేతికి నిలకడ ఉండదంటే ఏమో అనుకున్నా. ఈసారి మచ్చ కనపడిందంటే పాలిష్‌కి మనిషిని పెట్టేస్తా. నువ్వు హాయిగా ఇంటిపని చూసుకుందువుగాని" అన్నాడు భర్త. హాయిగానట! ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. తెల్లారి లేచింది మొదలు తనది అనుకోగలిగింది ఆ ఉండ తిప్పే కాసేపే. అదీ పోతే ఈ ఇంట్లో తను ఎక్కడుంటుంది? ఆ మాట ఎవరితో అనాలో కూడా ఆమెకి తెలియలేదు.

ఆ తర్వాత లాయరుగారి రాతబల్ల వచ్చింది. వాళ్ళ ముత్తాతల నాటిదట. దుమ్ము దులిపి కిటికీ దగ్గరకి జరిపితే, ఏటవాలు వెలుగులో, పాత పూత అడుగున ఒక మూల అరచేతిలో సగమంత మచ్చ కనపడింది. భర్త ఒక చూపు చూసి, "ఎవడో చేతకానివాడి పని" అని తేల్చేశాడు.

ఆమె వంగి చూసింది. బల్లంతా పూత నీళ్ళలా పరుచుకుని ఉంది. గీత లేదు, అల లేదు. పని బాగా వచ్చిన చెయ్యే. ఆ ఒక్కచోట మాత్రం ఎందుకో ఆగింది. మగవాడే అయ్యుండొచ్చు, తేలే కుట్టి ఉండొచ్చు, ఎవరు చూడొచ్చారు? అయినా ఆమె మనసు ఒప్పుకోలేదు. "నిన్నూ పిలిచారా?" అని పైకే అనేసి, ఎవరైనా విన్నారేమోనని గుమ్మం వైపు చూసింది. ఎవరూ లేరు. ఇన్నేళ్ళకి తన కష్టం తెలిసిన మనిషి ఒకరు దొరికితే, అదీ ఒక మచ్చ!

పాత పూత తీసెయ్యక తప్పదు. స్పిరిట్ గుడ్డతో బల్లంతా తుడిచింది గాని ఆ మూలకి చెయ్యి పోలేదు. అలాగే వదిలేసి తిరిగింది. చివరికి కళ్ళు మూసుకుని దాన్నీ తుడిచేసింది. ఆ పూట ఆమెకి ముద్ద దిగలేదు. ఎందుకని ఎవరూ అడగనూ లేదు.

ఆఖరి పూత రోజున, ఎవరికేం కావాలో అవి ముందే చేతికందించి, మధ్యాహ్నం కూర్చుంది. సగం బల్ల పూర్తయింది.

"అమ్మాయ్! ఒక్క నిమిషం..."

చెయ్యి తూలింది. ఆగడం భుజంలోంచి మోచేతికి దిగుతున్నట్టు తెలిసింది ఆమెకి. పళ్ళు బిగించి తిప్పింది. సున్నా, సున్నా మీద సున్నా.

"అమ్మాయ్, నిన్నే!" ఈసారి గొంతు పెరిగింది. వెంటనే ముందుగదిలోంచి భర్త, "ఏమే, అమ్మ పిలుస్తోంది!" అని అరిచాడు.

ఏదో తప్పు చేస్తున్నట్టు భయం, కళ్ళలో నీళ్ళు. చెయ్యి మాత్రం తిరుగుతూనే ఉంది. అడుగుల చప్పుడు దగ్గరైంది. గుమ్మంలో భర్త.

"చెవుడొచ్చిందా ఏంటే? ఇద్దరం గొంతు చించుకుంటున్నాం, వినపడలేదా?"

లేదండీ, వీధిలో చప్పుడుగా ఉంది అనేస్తే సరిపోయేది. ఆయనకీ అదే కావాలి. రెండు తిట్టి వెళ్ళిపోతాడు, ఇల్లు ఎప్పటిలాగే ఉంటుంది. ఉండ కింద పూత తడితడిగా వెలుగుతోంది. ఇంకా మూరెడు మిగిలింది. ఆమె తల ఎత్తలేదు, చెయ్యి ఆపలేదు.

"వినపడింది" అంది.