పేరు పలకని అమ్మలు

తెల్లారేసరికి మబ్బు పట్టింది గానీ, గాలి లేచి దాన్ని బేతంచెర్ల గుట్టల అవతలికి తోలుకుపోయింది. యశోద తల దువ్వుకుంటూ పాఠం వల్లె వేసుకుంటోంది. ఈ రోజు ప్రైవేటు బడిలో తొమ్మిదో తరగతికి ఒక పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే ఇంగ్లీషు టీచరు ఉద్యోగం. నచ్చకపోతే మళ్లీ నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీనే.

పాఠం రిలేటివ్ ప్రొనౌన్లు.

"ఏందే ఆ గొణుగుడు? రాళ్లు కోసేటాయప్పకు నీళ్లు తోడిపెట్టు పో" అంది తల్లి రామేశ్వరమ్మ, వాకిలి ఊడుస్తూ.

"నాయిన పేరు చెప్తే నోరు పడిపోతాదా మా?"

"మొగుని పేరు చెప్తే ఆయుస్సు తగ్గుతాదంట. నీకు పెండ్లయితే తెలుస్తాదిలే."

బడిలో యశోద పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. హూ మనుషులకు, విచ్ వస్తువులకు. పిల్లలు రాసుకున్నారు, ఆవలించారు. వెనక బెంచీలో కూర్చున్న హెడ్మాస్టరు వీరభద్ర గడియారం చూసుకున్నాడు. పొద్దున తల్లి అన్న మాట మెదిలింది.

"మీ అమ్మ మీ నాయిన్ను పేరు పెట్టి పిలుస్తాదా?" అని పిల్లల్ని అడిగింది.

"యాడ మేడం! ఆటో తోలేటాయప్ప అంటాది."

"మా అమ్మయితే తాగొచ్చేటాయప్ప అంటాది!"

తరగతి గొల్లుమంది. యశోదకు ప్రాణం లేచొచ్చింది. "చూడండి, పేరు లేకుండానే మనిషి తెలిసిపోయినాడు. తోలే అనే మాట మనం మనిషికి ముందు పెడతాం. ఇంగ్లీషులో మనిషిని ముందు చెప్పి, హూ అని కలిపి, పనిని వెనక చెప్తారు." బోర్డు మీద రాసింది: ద మ్యాన్ హూ డ్రైవ్స్ ద ఆటో.

చేతులు లేచాయి. గోడ పక్కన కూర్చున్న హర్షిణి అనే పిల్ల చెయ్యి కూడా లేచింది.

"మమ్మల్ని ఇడిసిపెట్టి పోయినాయప్ప" అంది.

నవ్వులు ఆగిపోయాయి. యశోద చాక్‌పీసు ఎత్తి బోర్డు వైపు తిరిగింది. రాస్తే పిల్లను నలుగురిలో నిలబెట్టినట్టు. రాయకుండా దాటేస్తే, అది అనరాని మాటని తనే చెప్పినట్టు. వెనక నుంచి వీరభద్ర చూస్తున్నాడు. ఆమె నడిచి వెళ్లి చాక్‌పీసు హర్షిణి ముందు పెట్టింది.

"రాయాలనిపిస్తే రాయి. లేకుంటే వద్దు."

హర్షిణి చాక్‌పీసు తీసుకుంది. బోర్డు దగ్గరికి పోయి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ద వుమన్ హూ స్టేడ్, ఇడిసిపోకుండా ఉండిపోయినామె, అని రాసి, వచ్చి కూర్చుంది. గంట కొట్టారు.

బయట వరండాలో వీరభద్ర అన్నాడు, "పాఠం సగంలో ఆగిపోయింది గదమ్మా."

"అవును సార్."

"సోమవారం వచ్చి మిగతాది చెప్పు. ఈ తరగతి నీదే."

బువ్వ వేళ అయింది. హర్షిణి గోడ నీడన ఒక్కతే కూర్చుని డబ్బా తెరిచింది. యశోద పోయి పక్కన కూర్చుంది. ఆ పిల్ల జొన్నరొట్టె తుంచి, చెనక్కాయల పొడితో మూతలో పెట్టి ఇటు జరిపింది. ఇద్దరూ కలిసి తిన్నారు.